ఒత్తు ఒంటరిగా మోగకూడదు

పోయిన నెల ఒక మిత్రుడి ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు వాళ్ళమ్మాయి తన గదిలో ఏదో సంగీతం పెట్టుకుంది. ముందు వయొలిన్లు వచ్చాయి, గుంపుగా, కోపంగా. తర్వాత ఆ కోపం మధ్యలోకి ఒక క్లారినెట్ వచ్చింది, తగవు జరుగుతున్న ఇంట్లోకి గడప దగ్గర చెప్పులు విడిచి మెల్లగా అడుగుపెట్టే మనిషిలా. చేతిలో ముద్ద పళ్ళెంలో వదిలేసి లేచాను. కూరలో కారం ఎక్కువైందేమోనని మిత్రుడి భార్య కంగారుపడింది.

అది గత శతాబ్దంలో ఇంగ్లండువాడొకడు రాసిన కన్సర్టో, నా మాటలో కచేరీ. ఒక్క క్లారినెట్, దాని చుట్టూ తీగ వాయిద్యాలు, అంతే. డప్పు లేదు, బాకా లేదు. దాని పేరు నాకెప్పుడూ గుర్తుండదు. కానీ మొదటినుంచి చివరిదాకా నోటితో పాడగలను, ఒక తప్పుతో సహా. ఆ తప్పును నాకు నేర్పినవాడు సౌదీ ఇసకలో ఉన్నాడు.

అతని పేరు రాయను. రాస్తే చదివేవాళ్ళకు ముందు మతం కనపడుతుంది, ఆ తర్వాత మనిషి కనపడితే కనపడతాడు. మన దేశంలో పేరు చేసే పని అదే. మతం సంగతి నేనే చెప్తాను, నాకు కావలసిన చోట.

రియాద్‌లో ఒక ఆసుపత్రి, దాని పక్కనే అక్కడి తెల్లవాళ్ళుండే కాంపౌండు. ఆ రెంటి మరమ్మతు పనులు చూసే కంపెనీలో నేను గుమాస్తాను. ఫలానా గదిలో ఏసీ పనిచేయడం లేదని ఫోన్ వస్తే మనిషిని పంపడం నా ఉద్యోగం. అతను ఏసీ మెకానిక్కు, కడప జిల్లావాడు. బక్కగా ఉండేవాడు, దవడలు మాత్రం పహిల్వానువి. కింది పెదవి లోపల కాయ కాసింది, అడిగితే తిప్పి చూపించేవాడు. స్క్రూ బిగించేటప్పుడు బుగ్గలు ఉబ్బేవి. ఏ యంత్రం దగ్గరికి పోయినా ముందు ముట్టుకునేవాడు కాదు. చెవి పెట్టి కాసేపు నిలబడేవాడు.

"ఇది రెండున్నర శ్రుతిలో ఉండాది సార్. బాగానే ఉండాది."

"యంత్రానికి శ్రుతేమిటయ్యా?"

"మనిషికి మటుకు ఉండాదా? అయినా అడుగుతాం గదా, బాగుండావా అని."

నన్ను సార్ అనవద్దని మొదటి రోజే చెప్పాను. సార్, అయ్యగారు, దొర అనే మాటలకు వ్యతిరేకంగా ఊరూరా సభల్లో మాట్లాడి, కరపత్రాలు పంచి, రాళ్ళ దెబ్బలు తిన్నవాణ్ణి నేను. అన్నా అని పిలవమన్నాను. అతనికి అది మరీ చనువనిపించింది. చివరికి "సారన్నా" దగ్గర రాజీ పడ్డాడు. బతికినంతకాలం నేను అతనికి సారన్ననే.

వాళ్ళది దూదేకుల కుటుంబం. తాతలనాటినుంచి ఊళ్ళో దేవుడి గుడి ముందు మేళం వాయించడం వాళ్ళ వంతు. తండ్రిది నాదస్వరం, కొడుకు పెళ్ళిళ్ళలో గిరాకీ చూసి క్లారినెట్ పట్టాడు. దేవుణ్ణి మేల్కొలిపేది వీళ్ళు, పడుకోబెట్టేది వీళ్ళు. గుడి లోపలికి మాత్రం రాకూడదు, ప్రసాదం అరుగు మీద ఆకులో వేస్తారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. సౌదీకొచ్చాక క్యాంపులో అతని గది పెద్ద ఒక హైదరాబాదు డ్రైవరు. ఐదు పూటలా నమాజు తప్పని మనిషి, మంచివాడే. కానీ ఉర్దూ సరిగ్గా రాని, గుడిలో ఊదే ముసల్మాను ఆయనకు కొరుకుడు పడలేదు. "క్యా మియా, బుత్‌ఖానే మే బజాతే థే? తౌబా కరో" అనేవాడు. అక్కడ అరుగు మీద కూర్చోబెట్టారు, ఇక్కడ విగ్రహాల గుడిలో ఊదినందుకు చెంపలు వేసుకుని తౌబా చేయమన్నారు. ఒకసారి నేనే మండిపడి, రెండు మతాలూ నీకేమిచ్చాయని నిలదీశాను.

"ఒకటి క్లారినెట్ ఇచ్చింది, ఒకటి వీసా ఇచ్చింది" అన్నాడు, మొహం మీద ఏ భావమూ లేకుండా.

అతని చేతికి ఒక అలవాటుండేది. ఎవరన్నా చావు మాట ఎత్తినా, ఇద్దరు గొడవ పడినా, పక్కన ఎవడన్నా తుమ్మినా, కుడిచేతి చూపుడువేలు దానంతటదే లేచి గాలిలో ఆడేది. పెళ్ళిలో పురోహితుడు వేలెత్తి ఆడించినప్పుడు మేళగాళ్ళు ఒక్కసారిగా ఊదుతారే, గట్టిమేళం, ఆ సైగ. తాళి కట్టేవేళ తుమ్ములూ ఏడుపులూ వినపడకూడదని ఆ చప్పుడు. నేను దీని మీద అతనికి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఏడుపుకు కారణమేమిటో అడగని సంఘం, ఏడుపు వినపడకుండా డోలు కొట్టించడం కనిపెట్టిందన్నాను. అతను సాంతం విన్నాడు.

"నేను పెండ్లికూతురి తల్లి ఎదురుగ్గా కూచోని ఊదినోణ్ణి సారన్నా. ఆయమ్మ అంతసేపూ నవ్వు మొగంతోనే ఉంటాది. గట్టిమేళం అందుకోంగానే ఏడుస్తాది. యాలంటే అప్పుడు ఎవురికీ వినపడదు. ఏడ్చేటోళ్ళకు అదొక్కటే గదా సందు."

తర్కంలో నాకు ఎదురుదెబ్బలు చాలా తగిలాయి. ఇలా పక్కనుంచి తగిలినవి తక్కువ.

కాంపౌండులో ఒక హాలుండేది. ఆసుపత్రి డాక్టర్లు, నర్సులు వారాంతంలో అక్కడ చేరి వయొలిన్లు, సెల్లోలు వాయించుకునేవారు. బయట సంగీతం నేరం, గోడ లోపల వినోదం. దాన్ని నడిపేది ఒక ఇంగ్లండు ఎక్స్‌రే డాక్టరమ్మ. కువైట్‌లోకి ఇరాక్ సైన్యం వచ్చిన ఆగస్టులో వాళ్ళ క్లారినెట్ మనిషి పెట్టే బేడా వదిలేసి దేశం వెళ్ళిపోయాడు. అతని క్లారినెట్ హాలులోనే ఉండిపోయింది. ఏసీ చూడటానికి పోయినవాడు దాన్ని చూశాడు.

ఏమడిగాడో, ఆమె ఏమనుకుందో నాకు తెలియదు. తిరిగి వచ్చినప్పుడు అతని చేతిలో ఆ కచేరీ క్యాసెట్ ఉంది, కళ్ళు ఎక్కడో ఉన్నాయి. "అదంతా ఒక్క క్లారినెట్ కోసరమంట సారన్నా. మిగతా వాళ్ళందరూ ఒత్తు పడతారంట."

ఒత్తు అంటే మేళంలో శ్రుతి పట్టే గొట్టం. ఆపకుండా ఒకే స్వరం ఊదుతూ ఉండాలి. చిన్నప్పుడు తండ్రి వెనక అతను చేసిన పని అదే. ఒత్తు పట్టేవాణ్ణి ఎవరూ చూడరు, వాడు లేకపోతే ముందున్నవాడు నిలవడు. తన కోసం అన్ని వయొలిన్లు ఒత్తు పట్టడమనే ఆలోచన అతన్ని ఆవహించింది. నాకు నచ్చని మాటే, కానీ వేరే మాట దొరకడం లేదు.

చిక్కేమిటంటే, కూలి మనిషి కాంపౌండులోకి పోవాలంటే పని ఉండాలి. దానికి ముగ్గురం కలిసి ఉపాయం పన్నాం. ప్రతి గురువారం డాక్టరమ్మ నాకు ఫోన్ చేసేది, హాలులో ఏసీ చల్లదనం ఇవ్వడం లేదని. నేను వెంటనే మనిషిని పంపేవాణ్ణి. రియాద్ మొత్తంలో అంతగా చెడిపోయిన ఏసీ ఇంకొకటి ఉండదు. అతని గదిలోని జగిత్యాల ప్లంబరు మా ఆట కనిపెట్టి ఏడిపించేవాడు. "ఏం బాపూ, ఇయ్యాల గా ఏసీకి మల్ల జరమొచ్చిందా? గోలీ ఇచ్చి రాపో."

అక్కడ అతనేమీ అద్భుతాలు చేయలేదు. నోట్లు చదవడం రాదు. ఆ క్లారినెట్ మీటల అమరిక అతనికి అలవాటైన దానికన్నా వేరు, వేళ్ళు తడబడేవి. క్యాసెట్ విని విని కంఠస్థం చేశాడు. డాక్టరమ్మ చాలా ఓర్పు గలది, అయినా ఒక చోట ఇద్దరికీ పడేది కాదు. రెండో భాగంలో, నెమ్మదిగా సాగే చోట, క్లారినెట్ ఒక మాట చెప్పి ఆగిపోవాలి. కొంతసేపు తీగ వాయిద్యాలే సాగాలి. ఇతను ఆగడు. ఆ ఖాళీలో సొంతంగా ఒక చిన్న సంగతి వేసి పూడ్చేస్తాడు. అక్కడ ఊరుకోవాలని ఆమె చెప్పేది, తల ఊపేవాడు, మళ్ళీ ఊదేవాడు. ఒకరోజు దుబాసీ పని నా మీద పడింది.

"ఒత్తు ఒంటరిగా మోగకూడదు సారన్నా. మోగిందంటే ముందున్నోడు పడిపోయినట్ల. ఆయమ్మకు చెప్పు."

"మూఢనమ్మకం. మోగితే ఏమవుతుంది, ఎవరు చస్తారు?" అన్నాను.

"ఎవురూ చావరు. బాగుండదు, అంతే."

ఆమెకు చెప్పాను. కచేరీనాటికి చూద్దాం అంది. కచేరీ ఒకటి జరుగుతుందని, అందులో తను ముందు నిలబడతాడని అతనికి అప్పుడే నమ్మకం కుదిరింది. జీవితంలో అతను కోరుకోగా నేను విన్నది అదొక్కటే. ఒక్కసారి, అన్ని వయొలిన్లతో, మొదటినుంచి చివరిదాకా.

జనవరిలో యుద్ధం వచ్చింది. వయొలిన్లు ఒకటొకటిగా విమానం ఎక్కాయి. డాక్టరమ్మ కూడా వెళ్ళింది, పోతూ పోతూ క్లారినెట్ అతని చేతిలో పెట్టి తిరిగి వచ్చేదాకా దాచమంది. కాంపౌండులో మిగిలిన వాళ్ళకు విషవాయువు తగలకుండా ముసుగులు పంచారు. మా క్యాంపుకు కిటికీలకంటించే టేపు, తలుపు కింద పెట్టే తడి తువ్వాళ్ళు వచ్చాయి. ముసుగులు తెప్పిస్తున్నామని కంపెనీ చెబుతూనే ఉంది.

"వచ్చినా నాకు పనికి రాదులే సారన్నా. అది తగిలించుకుంటే క్లారినెట్ పీక యాడ పెట్టుకునేది?" అన్నాడు.

ఒక సాయంత్రం నేను వాళ్ళ గదిలో ఉండగా సైరన్ మోగింది. తలుపు మూసి తువ్వాలు తొక్కిపెట్టాం. డ్రైవరు మూలకు తిరిగి దువా చేసుకుంటున్నాడు. ఎక్కడో పెద్ద చప్పుడు. టేపు అంటించిన కిటికీ వణికింది. జగిత్యాల ప్లంబరు మంచం కింద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. "పిల్ల పుట్టి ఆర్నెల్లాయె. మొఖం సుత సూడకపోతినే" అన్నాడు, ఎవరితోనూ కాదు. ఇంతమంది మగవాళ్ళ మధ్య ఏడవడానికి సిగ్గు.

మావాడి చూపుడువేలు లేచింది. గాలిలో ఆడింది. ఆ వేలే పోయి పెట్టె తెరిచింది.

అతను ఊదింది కచేరీ కాదు. గట్టిమేళం. అంత చిన్న గదిలో, మూసిన కిటికీల మధ్య, ఆ చప్పుడు చెవుల్లో కాదు, పళ్ళలో వినపడింది. సైరన్ మునిగిపోయింది. భుజాలు ఎగరేస్తూ, కళ్ళు మూసుకుని, ఏ పెళ్ళీ లేని చోట ఊదుతూనే ఉన్నాడు. చూస్తే, ప్లంబరు నోరు తెరిచి బావురుమంటున్నాడు. నోరు కదలడం కనిపిస్తోంది, ఏడుపు వినపడటం లేదు. అతనొక్కడే కాదు. ఎవరెవరో చెప్పను.

ప్రమాదం తప్పిందన్న సైరన్ వచ్చాక ఆపాడు. మొదట మాట్లాడింది డ్రైవరే. "అరే మియా, మేరీ దువా మేరేకూచ్ సునాయీ నై దీ."

"అల్లాకు వినపడింటాదిలే భాయ్" అన్నాడు మావాడు, పీక తుడుచుకుంటూ.

ఆ యుద్ధంలో రియాద్ మీద విషవాయువు పడలేదు. అందరం భయపడింది దానికే, అది మాత్రం రాలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

వేసవికి డాక్టరమ్మ తిరిగివచ్చింది. వయొలిన్లు కొన్ని పాతవి, కొన్ని కొత్తవి చేరాయి. యుద్ధం తర్వాత బయట మతం కాపలావాళ్ళ కర్రలు జోరందుకున్నాయి, కాంపౌండు గేటు మరింత బిగిసింది. పని ఉన్నవాడు తప్ప లోపలికి పోరాదు. మా ఏసీ మళ్ళీ గురువారాలు చెడిపోవడం మొదలుపెట్టింది. కచేరీకి రోజు కూడా నిర్ణయమైంది. చొక్కా ఇస్త్రీ చేసి పెట్టె అడుగున దాచుకున్నాడు. ఆ ఖాళీ సంగతి ఏం తేల్చారని అడిగాను. "ఆయమ్మ ఇంగా ఒప్పుకోల్యా, వద్దనడమూ ల్యా" అన్నాడు.

కచేరీకి ముందు వారం మా మిస్రీ ఇంజనీరు, ఈజిప్టువాడు, నా బల్ల దగ్గరికి వచ్చాడు. వారం వారం అదే ఫిర్యాదా, డాక్టర్లను ఇలా ఉక్కపోతలో పెడతామా, ఖలాస్ అన్నాడు. మర్నాడే పాత ఏసీ పీకించి కొత్తది పెట్టించాడు. గొప్ప యంత్రం. చప్పుడే లేదు. దాని మరమ్మతు అమ్మినవాళ్ళదే, వాళ్ళ మనిషే వస్తాడు. అంత మంచి పని ఆ ఇంజనీరు అంతకుముందు గానీ తర్వాత గానీ చేయలేదు. చేసి, మెచ్చుకుంటానని నా మొహం వంక చూశాడు.

వేరే దారులు వెతికాం. డాక్టరమ్మ తన విల్లా ఏసీ చెడిపోయిందని చెప్పవచ్చు, కానీ ఒంటరి ఆడమనిషి ఇంటికి సాయంత్రంపూట మగవాడు వెళితే ఇద్దరికీ జైలు. కుళాయి బాగుచేసే వంకతో ప్లంబరు పోగలడు, అతనికి ఊదడం రాదు. "గా ఏసీని మనమే ఖరాబు జేసినం గదనే" అని ప్లంబరే అన్నాడు చివరికి. కచేరీ రోజున వాళ్ళు క్లారినెట్ లేనిదేదో వాయించుకున్నారు. గోడకవతల, క్యాంపు మెట్ల మీద, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఇతను కూర్చున్నాడు. పక్కన కూర్చున్నాను. అక్కడికి ఏమీ వినపడలేదు. కొంతసేపటికి లేచి చొక్కా విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

ఆ ఏడే డాక్టరమ్మ ఒప్పందం ముగిసింది. క్లారినెట్ అతనికే ఉంచుకొమ్మని వెళ్ళిపోయింది. ఇతన్ని కంపెనీ అల్ ఖర్జ్‌కు పంపింది, ఒక పాల ఫారంలో శీతలయంత్రాల మీద. కొన్నాళ్ళకు ఒక శుక్రవారం చూడటానికి వెళ్ళాను. కంప్రెసర్ల గది. అమోనియా ఘాటుకు కళ్ళు తెరవలేకపోయాను. అతను నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఒత్తు దొరికింది సారన్నా. కరెంటు పోతే తప్ప ఆగదు. మా నాయన గూడా ఇంతసేపు పట్టల్యా."

నిజమే. ఆ యంత్రాలన్నీ కలిసి ఒకే స్వరంలో మూలుగుతున్నాయి. దాని మీద అతను కచేరీ మొత్తం వాయించాడు, మొదటినుంచి చివరిదాకా. రెండో భాగంలో ఆ ఖాళీ వచ్చినప్పుడు నా వంక చూసి కన్నుకొట్టి, తన సంగతి వేశాడు. మీటలు నీలిపచ్చగా మారాయి, ఎంత తుడిచినా పోవడం లేదన్నాడు. ఆ గాలికి లోహం తినుకుపోతోంది. లోహం రంగు మార్చుకుని చెప్పగలదు, ఊపిరితిత్తికి ఆ వీలు లేదు.

వాయువు లీకైతే తొడుక్కునే ముసుగులు ఏవని అడిగాను. ఇనప అల్మారా చూపించాడు, తాళం వేసి ఉంది. యుద్ధకాలంలో అందరూ వాటి కోసం ఎగబడ్డారని అప్పుడు వేసిన తాళం. సూపర్‌వైజరు దగ్గరకు పోయి వాదించాను. అతను నొచ్చుకుని, జేబులోంచి తాళంచెవి తీసి చూపించాడు, ఎంత భద్రంగా ఉందో.

మరుసటి ఎండాకాలం ఒక కవాటం రబ్బరు తెగింది. మార్చమని అతను చాలాసార్లు అడిగిన రబ్బరది. తాళంచెవి ఉన్న మనిషి నమాజుకు వెళ్ళాడు. ఇంతకన్నా రాయను.

అక్కడే పూడ్చారు. ఇసక, దాని మీద రెండు రాళ్ళు, పేరు లేదు. హైదరాబాదు డ్రైవరు రియాద్ నుంచి వచ్చి తన చేతులతో గుంతలోకి దించాడు. చేతులు దులుపుకుంటూ, ఆ బాజా వదలమని ఎంత చెప్పినా వినలేదు, అల్లా మర్జీ అన్నాడు. సెలవులో అతని ఊరు పోయి భార్యను పలకరించాను. ధర్మకర్త గుడి అరుగు మీద నుంచే, స్వామి సేవ వదిలి డబ్బుకు ఆశపడి పోయాడు, స్వామి ఊరుకుంటాడా అన్నాడు. రెండు మతాలు ఏ పేచీ లేకుండా ఒక మాట మీదికి రావడం నేను చూసింది ఆ ఒక్క విషయంలోనే. ఇద్దరికీ ఒకటే చెప్పాను. దేవుడెవడూ అతన్ని చంపలేదు. తెగిన రబ్బరు చంపింది, వేసిన తాళం చంపింది. రబ్బరు మార్చడానికి దైవభక్తి అక్కర్లేదు, నాస్తికత్వమూ అక్కర్లేదు. మనిషి ప్రాణం ముసుగు ఖరీదు చేస్తుందన్న లెక్క ఉంటే చాలు. ఆ లెక్క లేనివాళ్ళే మర్జీ అంటారు, కర్మ అంటారు. ఆ మాటలు కూడా ఒకరకం గట్టిమేళమే, కానీ వాటి కింద ఏడవడానికి ఎవరికీ సందు దొరకదు. మావాడి భార్య ఎదురుగా తన గుమ్మంలో నిలబడి అంతా వింది. నీళ్ళు తాగి పొమ్మంది.

మిత్రుడి ఇంట్లో ఆ గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. రెండో భాగం వచ్చింది. క్లారినెట్ తన మాట ముగించి ఆగింది. తీగ వాయిద్యాలు సాగుతున్నాయి. నాకు తెలియకుండానే చెవి ఒగ్గాను, అతని సంగతి కోసం. ఎవరూ రాలేదు. ఒత్తు ఒంటరిగా మోగుతూ పోయింది.

అమ్మాయి నా మొహం చూసి, "డిస్టర్బ్ అయిందా అంకుల్? తగ్గించనా?" అంది.

"పెంచమ్మా. ఎంతవరకు పోతే అంతవరకు పెంచు" అన్నాను.